గుండ్లకమ్మ ఒడ్డున మూడు రోజులు

క్రైస్తవ విశ్వాసంలో తమకు స్వస్థత దొరికిందనీ, ఆనందం దొరికిందనీ సాక్ష్యం చెప్పేవారి మాటలు మనమందరం ఏదో ఒక సందర్భంలో విన్నవాళ్ళమే. ఆ సాక్ష్యాలు మామూలుగా ఒక మనిషి జబ్బును గురించో, ఒక ఇంటి కష్టాన్ని గురించో ఉంటాయి. వినేవారిలో కొందరు తల ఊపుతారు, కొందరు లోలోపల నవ్వుకుంటారు. అక్కడితో అది ముగిసిపోతుంది. ఐతే ఒక ప్రాంతంలో వేలాదిమంది ఒకేసారి ఆ మాట అంటే దాన్ని చరిత్ర ఎలా అర్థం చేసుకోవాలి? ఆ వేలమందీ అప్పటికి రెండేళ్ళుగా కరువులో మాడినవాళ్ళైతే? వాళ్ళకు ఆ మతం చెప్పినవాడూ, పని చూపించి కూలి ఇప్పించినవాడూ ఒక్కడే ఐతే? 1878 జూలైలో ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో జరిగిన బాప్తిస్మాల గురించి చదివినప్పుడల్లా నాకు ఈ ప్రశ్నే ఎదురవుతూ వచ్చింది.

అంకెలు ముందే చెప్పేస్తాను. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో మొత్తం 3,536 మంది. వీటిలో 2,222 అనే అంకె అమెరికాలోని బాప్టిస్టుల నోళ్ళలో కొన్ని దశాబ్దాలపాటు మారుమోగింది. పెంతెకొస్తు నాటి మూడువేలమందితో పోల్చి మురిసిపోయారు. మనవైపు ఈ సంగతి తెలిసినవాళ్ళు చాలావరకు ఒక్కమాటలో తేల్చేస్తారు, కూటి కోసం కోటి విద్యలని. మురిసినవారికీ, పెదవి విరిచినవారికీ ఒకటే లోపం ఉన్నదని నాకనిపిస్తుంది. ఇద్దరూ అంకెను చూశారు కానీ, ఆ నీళ్ళలోకి దిగినవాళ్ళు అంతకు ముందు ఎవరు, ఏం వెతుక్కుంటూ ఉన్నారు అన్నది చూడలేదు. కాబట్టి కరువుకు పదేళ్ళ వెనక నుంచి మొదలుపెట్టడం న్యాయం.

అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో 1840లోనే శామ్యూల్ డే అనే ఆయనతో మిషను పెట్టుకున్నారు కానీ, పాతికేళ్ళపాటు చెప్పుకోదగ్గ ఫలితమేమీ కనబడలేదు. మూసేద్దామని ఆ దేశంలో ఒకటికి రెండుసార్లు చర్చలు కూడా జరిగాయి. పటం మీద ఒంటరిగా ఉన్న ఆ ఒక్క చుక్కను చూసి దానికి 'ఒంటరి నక్షత్రం' అని పేరు పెట్టుకున్నారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జూయెట్ దంపతులు ముగ్గురు తెలుగు క్రైస్తవులతో కలిసి ఒంగోలు పక్కనున్న కొండెక్కి ప్రార్థన చేశారన్నది అక్కడి క్రైస్తవుల జ్ఞాపకాలలో నేటికీ ఉన్న సంగతి. ఆ ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు, జూలియా, రూత్. పన్నెండేళ్ళ తరువాత, 1866లో, జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. ఈయన పాదరీ కాకముందు మిన్నెసోటాలో భూముల సర్వే పని చేసినవాడు. ఈ చిన్న వివరం తరువాత అక్కరకు వస్తుంది.

కథలో అసలు మనిషి మాత్రం క్లౌ కాదు, యెర్రగుంట్ల పేరయ్య.

పేరయ్య ఒంగోలుకు పడమరగా సుమారు నలభై మైళ్ళ దూరాన ఉన్న ఒక పల్లెలో మాదిగ కులస్థుడు. తోళ్ళ వ్యాపారి. తంగేడు చెక్క వేసిన లందలో తోలు నానబెట్టడం, మోటకు తిత్తి కుట్టడం, రైతుకు చెప్పులూ వార్లూ ఇవ్వడం, పిలిచినప్పుడు వెట్టికి పోవడం, జాతరలో డప్పు కొట్టడం, ఊళ్ళో గొడ్డు చస్తే ఈడ్చుకుపోవడం, ఇది ఆ కులానికి ఊరు కేటాయించిన బ్రతుకు. చచ్చిన గొడ్డు మాంసం వాళ్ళకు హక్కు. ఆ హక్కును చూపించే వాళ్ళను అసహ్యించుకోవడం ఊరికి హక్కు. ఇంత చాకిరీ మధ్యలో పేరయ్య యోగం నేర్చుకున్నాడన్నది చాలామందికి ఆశ్చర్యం కలిగించే విషయం. వీరమ్మ అనే గురువు దగ్గర రాజయోగ సాధన చేసి, తనే నలుగురికి గురువై, శిష్యులకు శ్వాసను నిలపడం, మనసును లోపలికి తిప్పడం నేర్పేవాడు. విగ్రహాలలో దేవుడు లేడని అప్పటికే అతనికి గట్టి నమ్మకం.

ఇది ఆశ్చర్యపడవలసిన విషయం నిజానికి కాదు. పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యులలో దూదేకుల సిద్ధయ్య ఉన్నట్టే మాదిగ కక్కయ్య కూడా ఉన్నాడని మనం చిన్నప్పటి నుంచీ వింటున్న కథే. ఆ సంప్రదాయం గుడి గడప దాటనివ్వని వాళ్ళకు దేహమే గుడి అని చెప్పింది. పందొమ్మిదో శతాబ్దంలో మాదిగపల్లెల్లో ఆ దారిని పోయినవారు తక్కువేమీ కాదు. వీళ్ళ గురించి మనకింత వివరంగా తెలియడానికి కారణం క్లౌ రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. ఆమె వృద్ధులైన ప్రసంగీకులను కూర్చోబెట్టి వారి కథలు చెప్పించుకొని 1899లో 'వైల్ సూయింగ్ శాండల్స్' అనే పుస్తకం వేసింది. చెప్పులు కుడుతూ కుడుతూ తత్త్వం మాట్లాడుకున్న మనుషులు ఆ పేజీల్లో కనబడతారు. మిషనరీ దృష్టి ఆ పుస్తకంలో ఉన్నది, కాదనను. ఐనా మాదిగల గురువులనూ, మాతంగినీ, పెళ్ళి కట్టుబాట్లనూ ఆ కాలంలో అంత శ్రద్ధగా వ్రాసిపెట్టిన తెలుగువారెవరైనా ఉన్నారా అని వెతికితే నాకు ఎవరూ కనబడలేదు.

పేరయ్య వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రీస్తు కథ విన్నాడు. 1866 మార్చిలో భార్య నాగమ్మతో కలిసి ఒంగోలుకు నడిచివచ్చి జూయెట్ చేత బాప్తిస్మం తీసుకున్నాడు. అతనికి ఎవరూ బియ్యం ఇవ్వలేదు. ఆ సంవత్సరం ఒంగోలులో మిషను ఇవ్వగలిగింది కూడా ఏమీ లేదు. యోగంలో దొరకనిది అతనికి ఇందులో ఏం దొరికింది? నా ఊహ ఇది. యోగం అతనికి లోపలి ప్రశాంతిని ఇచ్చింది, కానీ కళ్ళు తెరిస్తే మళ్ళీ అదే పల్లె, అదే లంద, ఊరి నుంచి అదే కేక. క్రీస్తు కథలోని దేవుడు వడ్రంగి ఇంట పుట్టి, కుష్ఠురోగిని చేతితో తాకి, అలసినవాళ్ళనూ భారం మోసేవాళ్ళనూ తన దగ్గరకు పిలిచిన దేవుడు. ముట్టరానివాడికి ముట్టుకునే దేవుడు కనబడ్డాడు. పేరయ్య తిరిగి వెళ్ళి తన పాత శిష్యులకే, గురువు చెప్పే పద్ధతిలోనే, ఈ కొత్త కథ చెప్పడం మొదలుపెట్టాడు. 1867 జనవరి మొదటి తేదీన ఒంగోలు సంఘం ఎనిమిదిమందితో ఏర్పడింది. అదే నెలలో క్లౌ పేరయ్య ఊరికి వెళ్ళేసరికి ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు.

ఇక్కడొక ఘట్టం చెప్పుకోవాలి. ఒంగోలులో క్లౌ పెట్టిన బడికి మొదట అగ్రవర్ణాల పిల్లలు వచ్చేవారు, పెద్దలు కూడా ఆయనతో స్నేహంగా మెలిగేవారు. మాదిగలు సంఘంలో చేరుతున్నారని తెలియగానే వాళ్ళను చేర్చుకుంటే మేము రామని తెగేసి చెప్పారు. క్లౌ దంపతులు చెరొక గదిలో కూర్చొని ఆలోచిస్తూ బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి పత్రికలో దేవుడు లోకం నీచంగా చూసేవారినే ఏర్పరచుకున్నాడనే భాగం తగిలిందని ఆయన వ్రాసుకున్నాడు. మరునాటికి బడి ఖాళీ ఐంది. ఆ యాదృచ్ఛికతను నమ్మడం నమ్మకపోవడం పాఠకుల ఇష్టం. బడి ఖాళీ కావడం మాత్రం వాస్తవం. ఆ తరువాత ఒంగోలు సంఘం మాదిగల సంఘంగానే పెరిగింది.

చేరేవారికి సంఘం పెట్టిన ముఖ్యమైన నియమాలు మూడు. విగ్రహాలకు మొక్కరాదు, ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. వినడానికి ఇవి మత నియమాలు. పల్లెలో అమలు చేసేసరికి మూడూ మూడు తిరుగుబాట్లయ్యాయి. ఆదివారం పనికి రానంటే వెట్టివాడికి వారంలో ఒకరోజు తన సొంతమైనట్టు. అంతకు ముందు అతనికి తన సొంతమైన రోజంటూ ఒకటి లేదు. జాతరలో డప్పు కొట్టనంటే అమ్మవారి ఊరేగింపు ఆగిపోయినట్టు. మాంసం మానేస్తే, తమను నీచులనడానికి ఊరు చూపించే మొదటి కారణమే పోయినట్టు. అంబేద్కర్ 1927లో మహాడ్‌లో తన ప్రజలను మానుకొమ్మని కోరినవాటిలో ఈ మాంసం కూడా ఒకటన్న సంగతి గుర్తు చేసుకుంటే, అరవై ఏళ్ళ ముందు పేరయ్య శిష్యులు చేసినది ఎంత పెద్ద పనో తెలుస్తుంది. ఊళ్ళు ఊరుకోలేదు. నీళ్ళు ఆపారు, కూలి ఆపారు, తప్పుడు కేసులు పెట్టారు, కొట్టారు. ఐనా కరువు వచ్చేనాటికి సంఘంలో సభ్యులు మూడువేలు దాటారు. గంజి కోసం మతం మారారనే వాదానికి ఈ మూడువేలమంది అడ్డం వస్తారు. ఆ పదేళ్ళలో మతం మారితే ఉన్న గంజి కూడా పోయేది.

1876లో వానలు పోయాయి. 1877లోనూ అంతే. దక్షిణ భారతమంతా చరిత్రలో మహా క్షామంగా మిగిలిపోయిన ఆ రెండేళ్ళలో చనిపోయినవారి లెక్క యాభై లక్షలకు పైనే అంటారు. ధాన్యం లేక కాదు, కొనే శక్తి లేక చచ్చారు. ఒకవైపు రేవుల నుంచి ఎగుమతులు సాగుతూనే ఉన్నాయి. సహాయపు పనులకు వచ్చే కూలీకి రోజుకు ఇచ్చే గింజలను సర్ రిచర్డ్ టెంపుల్ ఒక పౌనుకు తగ్గించడం ఆ కాలపు పాలన ఎలాంటిదో చెప్పడానికి చాలు. మొదట చచ్చేది చేతిలో భూమి లేనివాడే. మాదిగలకు ఇంకొక దెబ్బ కూడా తగిలింది. పైరు లేని రైతుకు మోట ఎందుకు, చెప్పులెందుకు?

ప్రభుత్వం కరువు పనిగా సముద్రతీరం వెంట కాలువ తవ్విస్తోంది. తరువాత మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు దానికి స్థిరపడింది. ఆ పనుల్లో మేస్త్రీలూ అజమాయిషీదారులూ మాదిగలను తరిమేసేవారు, లేకపోతే కూలి ఎగ్గొట్టేవారు. సర్వేయరు ఇక్కడ అక్కరకు వచ్చాడు. క్లౌ మూడున్నర మైళ్ళ కాలువ పనిని స్వయంగా కాంట్రాక్టు తీసుకొని రాజుపాలెం దగ్గర పాకలు వేయించాడు. తన ప్రసంగీకులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఒక్కో మేస్త్రీ కింద వందమంది లెక్కన మూడువేలమంది దాకా తవ్వారు. గుంటను కొలిచి, కొలత ప్రకారం కూలి లెక్కగట్టి చేతికిచ్చారు. కలరా పాకల్లోకి వచ్చింది. చచ్చినవారిని పూడుస్తూ మిగిలినవారు తవ్వారు. మధ్యాహ్నం నీడలోనూ, రాత్రి పాకల ముందూ మేస్త్రీలు క్రీస్తు కథ చెప్పేవారు. అలసినవాళ్ళను రమ్మనే ఆ పిలుపు గురించి మట్టి తట్టలు మోసినవాళ్ళకు విడమర్చి చెప్పవలసిన పని లేదు.

ఇక్కడే మనం అనుమానించాలి, అనుమానించడం ధర్మం కూడా. కూలి ఇచ్చేవాడే కథ చెబితే, వినేవాడికి వినకుండా పోయే స్వేచ్ఛ ఎంత? ఈ అనుమానం క్లౌకు మనకంటే ముందే వచ్చింది. అందుకే 1877 మార్చి నుంచి 1878 జూన్ వరకు, పదిహేను నెలలు, ఆయన ఒక్క బాప్తిస్మం కూడా జరగనివ్వలేదు. పల్లెలకు పల్లెలు వచ్చి అడిగినా కరువు పోయాక చూద్దామన్నాడు. పని ముగిసింది, సహాయపు డబ్బు పంచడం ముగిసింది. అప్పుడు వెల్లంపల్లిలో జనాన్ని కలుసుకున్నాడు. ఒంగోలుకు ఉత్తరంగా పది మైళ్ళ దూరాన గుండ్లకమ్మ దాటే చోటు అది. ఇక ఇచ్చేందుకు నా దగ్గర పని లేదు, డబ్బు లేదు, ఇళ్ళకు పొండి అని చెప్పాడు. వాళ్ళు పోలేదు. క్లౌ జ్ఞాపకాల ప్రకారం వాళ్ళిచ్చిన సమాధానం ఇది. మీ సొమ్ము మాకు వద్దు, మేము పని చేసి తిన్నామనడానికి చేతుల మీది బొబ్బలు చూడండి, వచ్చే పంట కూడా పోతే చస్తాం, చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తాం.

ఆ మాటను నేను చాలాసార్లు తిప్పి తిప్పి చూసుకున్నాను. ఒక పాదరీ ముసలితనంలో చెప్పుకున్నది కాబట్టి కొంత మెరుగు పడి ఉండవచ్చు. కానీ బొబ్బలు చూపించారన్న వివరం మతబోధకుడు కల్పించే తరహాది కాదు. కల్పించేవాడు కన్నీళ్ళు పెట్టిస్తాడు. బొబ్బలు చూపించడంలో ఒక గర్వం ఉన్నది. బిచ్చగాళ్ళం కాము అనే గర్వం.

ప్రసంగీకులు తమ తమ పల్లెలవారిని వేరువేరుగా కూర్చోబెట్టి విచారించారు. ఎరగనివారిని, అనుమానం కలిగినవారిని తిప్పి పంపారు. జూలై 3 ఉదయం ఆరు గంటలకు మొదలుపెట్టారు. ఆరుగురు ప్రసంగీకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్ళలో నిలబడ్డారు. ఆ ఇద్దరూ అలిసిపోతే మరో ఇద్దరు. ఒడ్డున గుమాస్తాలు పట్టీ చూసి ఒక్కొక్క పేరు చదివారు. పదకొండుకు ఆపి, ఎండ తగ్గాక రెండింటికి మళ్ళీ దిగి, సాయంత్రం ఐదుకు ముగించారు. క్లౌ తన చేతితో ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆయన ఒడ్డునే ఉన్నాడు. ఈ చివరి సంగతిని అమెరికన్ పొగడ్తలూ మన ఎకసెక్కాలూ రెండూ మరిచిపోతాయి. ఆ రోజు నీళ్ళలో నిలబడి, తలమీద చేయి వేసి ముంచి లేపినవాళ్ళు తెలుగువాళ్ళు. ఏ చేయి తగిలితే ఊరు స్నానం చేస్తుందో ఆ చేతులు.

మరి వీరికి దొరికిన స్వస్థత ఏమిటి? ఆకలి తీరలేదు. ఆ పంట పండేదాకా అంబలే గతి. కలరా విశ్వాసం చూసి తప్పుకోలేదు. వెట్టి చట్టప్రకారం పోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది. నాకు అర్థమైనంతవరకు వారికి నయమైనది శరీరపు రోగం కాదు, తమను గురించి తాము నమ్మిన ఒక మాట. జన్మ చేతనే మలినమన్న మాట. వేల ఏళ్ళుగా చెప్పించుకున్న మాట ఒక్క మునకతో పోతుందా అంటే పోదు. కానీ పోవచ్చునని ఒకరోజు తెలియడం చిన్న సంగతి కాదు. కడుపునూ ఆత్మనూ విడదీసి, ఇది కూటి కోసమా దేవుడి కోసమా తేల్చమని అడిగే హక్కు కడుపు నిండినవారికి ఎంతవరకు ఉన్నదన్నది నా సందేహం. కలిగిన ఇంటివాడు సంతానం కోసం తిరుపతి మొక్కుకుంటే అది భక్తి. మాదిగవాడు బ్రతుకు కోసం క్రీస్తును మొక్కితే అది బేరం. ఈ తూకం మనం ఎక్కడ నేర్చుకున్నాం?

ఐతే ఆనందమంతా నిక్కమేనని చెప్పి చేతులు దులుపుకోలేను. ఒంగోలులో సంఘం మాదిగలది, మరికొన్ని ప్రాంతాల్లో వేరే మిషన్ల సంఘాలు మాలలవి. ఆ రెండు పల్లెల మధ్య గోడను బాప్తిస్మం కూల్చలేదు. ఒక్కోచోట దానికి మిషను పేరుతో కొత్త సున్నం వేసింది. దొర నీడన బ్రతికే అలవాటు కూడా పెరిగింది. స్వతంత్రం వచ్చాక 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వీరి వారసులను షెడ్యూల్డు కులాల పట్టీ నుంచి తీసేసింది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ సవరణలు వచ్చాయి కానీ క్రైస్తవులకు రాలేదు. ఊరు వీరిని మాదిగలుగానే చూస్తుంది, కాగితం మాత్రం కాదంటుంది. ఇక డప్పు సంగతి. తాతలు అవమానమని కింద పెట్టిన డప్పును మనుమలు ఆత్మగౌరవమని మళ్ళీ ఎత్తుకున్నారు. 1994 జూలై 7న దండోరా ఉద్యమం పుట్టిన ఈదుమూడి ఉన్నది కూడా ఆ ఒంగోలు ప్రాంతంలోనే. కింద పెట్టినప్పుడూ ఎత్తుకున్నప్పుడూ అడిగింది ఒకటేనని నేననుకుంటాను, మీరు కాదనవచ్చు.

క్లౌ 1910లో అమెరికాలో చనిపోయాడు. ఆయన చెప్పగా ఎమ్మా కూర్చిన ఆత్మకథ 1914లో వెలువడింది. ఆ పుస్తకంలో నన్ను ఆకర్షించినవి బాప్తిస్మాల పేజీలు కావు. తన పాత ప్రసంగీకులు గురువుల మాదిరిగా పల్లెల్లో తిరిగి, పల్లె పెట్టింది తిని, పంచాయతీ పద్ధతిలో తగవులు తీర్చుకుంటూ సంఘాన్ని నడిపిన మొదటి రోజుల గురించి ఆయన వ్రాసిన పేజీలు. అమెరికా నుంచి వచ్చిన సంఘ నియమాలను వాళ్ళమీద రుద్దకుండా, వాళ్ళ దారిన వాళ్ళను ఇంకొంతకాలం వదిలి ఉంటే బాగుండేదని ఆయనకు ముసలితనంలో అనిపించింది. ఎమ్మా సోదరుడు వాల్టర్ రౌషెన్‌బుష్ అమెరికాలో కూలివాళ్ళ పక్షాన నిలబడి సామాజిక సువార్త అనే సిద్ధాంతాన్ని ప్రచారం చేసినవాడు. ఆ ఆత్మకథ పేరులోనూ ఆ సిద్ధాంతపు ఛాయ కనబడుతుంది, 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియెంట్' అని.